మరిగేలోపే దించాల్సిన వైన్

జర్మనీలో గ్లూవైన్ కాచే అలవాటున్న పదిమందిని ఒకచోట కూర్చోబెడితే పది రకాల మాటలు వినిపిస్తాయి. అనాసపువ్వు లేనిదే ఆ రుచి రాదంటారు ఒకరు. అది వేస్తే దగ్గుమందు తాగినట్టుంటుందంటారు ఇంకొకరు. చక్కెర వెయ్యాలా తేనె వెయ్యాలా, ఎర్ర వైన్ మంచిదా తెల్ల వైన్ మంచిదా, నారింజ ముక్కలు ఎప్పుడు తీసెయ్యాలి, అన్నిటికీ వాదనే. ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు. వైన్ వేడెక్కాలి, పొగలు రావాలి, కానీ మరగకూడదు.

వంటింటి కట్టడుల్లో కొన్నింటికి ఆధారం ఉంటుంది, కొన్ని ఎవరో చెప్పారని అలా సాగిపోతుంటాయి. ఇది మాత్రం గట్టి పునాది ఉన్న కట్టడి. దాని వెనక ఆవిరి లెక్క ఉంది, సుగంధ తైలాల సంగతి ఉంది, నారింజ గింజలో దాగిన చేదు ఉంది. ఆ కారణాలు ఒక్కసారి ఒంటబడితే ఏ వంట పుస్తకమూ అక్కర్లేకుండా గ్లూవైన్ చేసుకోవచ్చు. మద్యం ముట్టనివాళ్లకు కూడా ఆ లెక్కలు పనికొస్తాయి, ఎందుకంటే ద్రాక్షరసంతో చేసే పానకానికీ అవే సూత్రాలు.

ముందు ఈ పానీయం ఊరూ పేరూ చూద్దాం. ద్రాక్ష వైన్‌లో దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్క, చక్కెర వేసి వేడిచేసి, ఆ వేడి చల్లారకముందే తాగేదే గ్లూవైన్. జర్మనీలో నవంబరు చివరి వారం మొదలుకొని క్రిస్మస్ దాకా దాదాపు ప్రతి పట్టణం నడిబొడ్డునా సంత వెలుస్తుంది. డ్రెస్డెన్ సంతకు 1434 నుంచీ చరిత్ర ఉంది. న్యూరెంబర్గ్ సంత గురించి 17వ శతాబ్దం నాటి ఆధారాలున్నాయి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగుంపావుకే పొద్దుగూకుతుంది. చలి సున్నా డిగ్రీల దగ్గర తారట్లాడుతుంది. చెక్క దుకాణాల ముందు జనం గుంపులుగా నిలబడి మందపాటి పింగాణీ కప్పుల్లో గ్లూవైన్ తాగుతుంటారు. కప్పుకు కొంత సొమ్ము ధరావతుగా తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే ఆ సొమ్మూ తిరిగిస్తారు. నచ్చితే కప్పును ఇంటికి పట్టుకుపోవచ్చు. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లల ఇళ్లలో అలాంటి కప్పు ఒకటైనా కనిపిస్తుంది.

దీనికి చట్టం కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం గ్లూవైన్ అన్న పేరుతో అమ్మేదాన్ని ద్రాక్ష వైన్‌తో మాత్రమే చెయ్యాలి. ప్రధానంగా దాల్చినచెక్క, లవంగాల పరిమళమే ఉండాలి. ఆల్కహాల్ కనీసం 7 శాతం ఉండాలి, 14.5 శాతానికి లోపు ఉండాలి. తీపి కలపడంలో భాగంగా వచ్చే నీళ్లు తప్ప వేరే నీళ్లు కలపకూడదు. ఆ 7 శాతం అన్న అంకె గుర్తుంచుకోండి. పన్నెండు శాతం వైన్‌ని అజాగ్రత్తగా మరిగిస్తే ఆ గీత వైపు ఎంత త్వరగా జారిపోతుందో కాసేపట్లో లెక్కవేద్దాం.

వైన్‌లో మసాలా వెయ్యడం జర్మన్లతో మొదలు కాలేదు. అపీసియస్ పేరుతో మనకు దక్కిన రోమన్ వంటల సంకలనంలో మొట్టమొదటి వంటకమే మసాలా వైన్. తేనె, మిరియాలు, కుంకుమపువ్వు, ఖర్జూరాలు, ఇంకా మాస్టిక్ అనే చెట్టు బంక అందులో పడతాయి. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి ఓడల మీద ఎర్ర సముద్రం దాటి రోముకు చేరినవే. నన్ను ఆశ్చర్యపరిచింది మసాలాల జాబితా కన్నా తయారీ వరస. తేనెను 2 పాళ్ల వైన్‌తో కలిపి పొయ్యి మీద పెడతారు. పొంగబోతే చల్లటి వైన్ చిలకరించి అణుస్తారు. చల్లార్చి మళ్లీ కాస్తారు. మసాలాలన్నీ అందులో కలిశాక, ఆఖరున 18 పాళ్ల తేలికపాటి వైన్ పోస్తారు. అంటే మొత్తం వైన్‌లో పదో వంతే మంటను చూసింది. తక్కిన తొమ్మిది వంతులూ మరగనే లేదు. ఆల్కహాల్ మరుగు స్థానం కొలిచే సాధనం లేని కాలంలో, చేతి అనుభవంతోనే వాళ్లు ఈ పద్ధతికి వచ్చారు.

మధ్యయుగాల్లో వెనిస్ రేవులో దిగిన సుగంధ ద్రవ్యాలు ఆల్ప్స్ కనుమలు దాటి దక్షిణ జర్మనీ నగరాలకు చేరేవి. ఆ వ్యాపారంలో న్యూరెంబర్గ్‌ది పెద్ద చెయ్యి. అక్కడ కుంకుమపువ్వును పరీక్షించడానికి ప్రత్యేకంగా తనిఖీదారులుండేవారు. 1444లో కల్తీ కుంకుమపువ్వు అమ్మిన వర్తకుణ్ణి ఆ కల్తీ సరుకుతో సహా తగలబెట్టారు. నాలుగు లవంగాలు వైన్‌లో వెయ్యడం ఎంతటి వైభవమో ఈ శిక్షను బట్టి ఊహించవచ్చు.

ఈనాటి గ్లూవైన్‌కు దగ్గరగా ఉన్న రాతప్రతి ఒకటి సాక్సనీలో దొరికింది. డ్రెస్డెన్ పొరుగున ఉన్న రాడెబాయిల్‌లో నివసించిన ఆగస్ట్ ఫన్ వాకర్‌బార్త్ అనే ప్రభువు 1834 డిసెంబరులో రాసుకున్నది. దాల్చినచెక్క నాలుగు పాళ్లు, అల్లం రెండు పాళ్లు, సోంపు జాతి అనీస్ గింజలు, దానిమ్మ, జాజికాయ, యాలకులు ఒక్కో పాలు, చిటికెడు కుంకుమపువ్వు. ఇందులో లవంగం లేదు. ఈ కొలతతో చేసి చూస్తే ఇప్పటి సంతల్లో దొరికేదాని కన్నా మృదువుగా, కాస్త పాయసం పరిమళంతో ఉంటుంది. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. సీసాల్లో నింపిన గ్లూవైన్ 1956లో ఆగ్స్‌బర్గ్‌లో రూడాల్ఫ్ కున్‌ట్స్‌మన్ మొదలుపెట్టాడు. వైన్‌లో చక్కెర కలపడం అప్పటి వైన్ చట్టానికి విరుద్ధం కాబట్టి ఆయనకు జరిమానా పడింది.

ఇక పొయ్యి దగ్గరకు వద్దాం. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుందని బడిలో చదువుకున్నాం. దాన్నిబట్టి చాలామంది ఒక ఊహ చేస్తారు: 77 డిగ్రీల దాకా ఆల్కహాల్ వైన్‌లో భద్రంగా ఉంటుంది, 79 రాగానే మొత్తం లేచిపోతుంది. రెండూ నిజం కావు. 78 అన్నది స్వచ్ఛమైన ఆల్కహాల్‌కి చెందిన అంకె. వైన్‌లో ఆల్కహాల్ అణువులు నీటి అణువుల మధ్య చెల్లాచెదురుగా, వాటితో హైడ్రోజన్ బంధాలు పెట్టుకుని ఉంటాయి. మిశ్రమం మొత్తానికి కలిపి ఒక మరుగు స్థానం ఏర్పడుతుంది. 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ సముద్రమట్టం దగ్గర సుమారు 92 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అందులో ఆల్కహాల్ తగ్గేకొద్దీ ఆ అంకె మెల్లగా నూరు వైపు జరుగుతుంది. గది వేడిమిలో మూత తీసి ఉంచిన గ్లాసులోంచి కూడా ఆల్కహాల్ ఎంతో కొంత ఎగిరిపోతూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ వేగం పెరుగుతుంది. 78 దగ్గర ప్రత్యేకంగా జరిగేదేమీ లేదు.

అయితే మరగడం మొదలయ్యాక సంగతి మారుతుంది. అంతవరకూ ఉపరితలం నుంచి మాత్రమే లేచిన ఆవిరి ఇప్పుడు ద్రవం అడుగు నుంచీ బుడగలుగా లేస్తుంది. ఆ బుడగల్లో ఏముంటుందన్నదే అసలు విషయం. వైన్‌లో బరువు ప్రకారం చూస్తే ఆల్కహాల్ పదింట ఒక వంతు కూడా ఉండదు. అదే వైన్ మరిగినప్పుడు వచ్చే తొలి ఆవిరిలో దాదాపు సగం ఆల్కహాలే. నీటి కన్నా ఆల్కహాల్‌కి ఎగిరిపోయే స్వభావం ఎక్కువ కాబట్టి ఆవిరిలో దాని వాటా అంతగా పెరుగుతుంది. బ్రాందీ బట్టీలన్నీ పనిచేసేది ఈ సూత్రం మీదే. వాళ్లు ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు. మనం వంటింట్లో దాన్ని కిటికీలోంచి వదిలేస్తాం.

లెక్క వేసి చూద్దాం. 750 మిల్లీలీటర్ల సీసాలో 12 శాతం అంటే 90 మిల్లీలీటర్ల ఆల్కహాల్, బరువులో 71 గ్రాములు. మూత లేకుండా మరిగించి కేవలం 50 గ్రాముల ఆవిరిని పోగొట్టుకున్నామనుకోండి. గిన్నెలో మట్టం తగ్గినట్టు కంటికి ఆనదు, ఎందుకంటే అది మూడు నాలుగు పెద్ద చెంచాల ద్రవం. కానీ ఆ 50 గ్రాముల్లో సుమారు 23 గ్రాములు ఆల్కహాల్. అంటే ఉన్నదాంట్లో మూడో వంతు మాయం. వైన్ బలం 12 నుంచి తొమ్మిది దరిదాపుల్లోకి పడిపోతుంది. గ్యాస్ మంట మీద దీనికి రెండు మూడు నిమిషాలు చాలు. అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన పట్టిక ప్రకారం ఆల్కహాల్ కలిపిన వంటకాన్ని పావుగంట సన్నగా ఉడికిస్తే అందులో నూటికి 40 వంతులే మిగులుతుంది. గంట ఉడికిస్తే 25 వంతులు. రెండున్నర గంటలకు కూడా 5 వంతులు మిగిలే ఉంటుంది. కాబట్టి బాగా మరిగించాం గనక పిల్లలు తాగినా ఫర్వాలేదనుకోవడం పెద్ద పొరపాటు. మరిగించిన గ్లూవైన్ రుచి పోగొట్టుకుంటుంది, మత్తును మాత్రం పూర్తిగా పోగొట్టుకోదు.

ఆల్కహాల్ పోతే పోనీ, రుచి ఉంటే చాలుననుకునేవాళ్లకు కూడా మరిగించడం నష్టమే. లవంగం ఘాటుకు కారణం యూజినాల్ అనే నూనె. దాల్చినచెక్క పరిమళం సిన్నమాల్డిహైడ్‌ది. నారింజ తొక్క వాసన లిమొనీన్‌ది. వీటి మరుగు స్థానాలు చూడండి: యూజినాల్‌కి 254 డిగ్రీలు, సిన్నమాల్డిహైడ్‌కి 248, లిమొనీన్‌కి 176. వైన్ గిన్నె ఎన్నటికీ ఆ వేడి చేరుకోదు. మరి గిన్నె పొయ్యెక్కిన పది నిమిషాలకే పక్కింటిదాకా ఘుమఘుమ ఎలా పాకుతోంది? నీటి ఆవిరి తనతోపాటు నూనె అణువుల్ని మోసుకుపోతుంది. నీళ్లూ నూనే ఒకదానిలో ఒకటి సరిగ్గా కరగవు కాబట్టి ఒక్కోటీ తన వంతు ఆవిరి ఒత్తిడిని విడిగా కలుపుతుంది, రెండూ కలిసి వంద డిగ్రీల లోపే పైకి లేస్తాయి. నిమ్మగడ్డి నూనె తీసే బట్టీల్లో జరిగేది సరిగ్గా ఇదే. ఇల్లంతా నిండిన ఆ సువాసన కప్పులోకి రావలసినది. మరిగిన గ్లూవైన్‌లో చివరికి మిగిలేది ఎగిరిపోలేని సరుకు: టానిన్ల వగరు, పులుపు, చక్కెర.

చారు కాచేవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. నురగ కట్టి పొంగు రాబోతుండగా దించితేనే చారుకు పొడి వాసన నిలుస్తుంది, తెర్లిందా, ఉత్త పులుపునీళ్లే. గ్లూవైన్‌కీ ఆ మెలకువే కావాలి, ఇంకాస్త ముందే దించాలి.

అలాగని మసాలాలు చల్లటి వైన్‌లో వేస్తే సారం దిగదు. సుగంధ తైలాలు చెక్క కణాల లోపల, మొగ్గలోని చిన్నచిన్న తిత్తుల్లో ఉంటాయి. వేడి తగిలితే ఆ కణజాలం మెత్తబడి, నూనె అణువులు చురుగ్గా కదిలి బయటికొస్తాయి. వైన్‌లోని ఆల్కహాల్ ఇక్కడ మనకు సాయపడుతుంది. ఉత్త నీళ్ల కన్నా పన్నెండు శాతం ఆల్కహాల్ ఉన్న నీళ్లు ఆ నూనెల్ని ఎక్కువగా కరిగించుకుంటాయి. అందుకే పనిని రెండుగా విడదియ్యాలి. మొదట 70 నుంచి 75 డిగ్రీల దాకా వేడిచేసి, మంట ఆర్పి, మూతపెట్టి వదిలెయ్యాలి. అరగంట, ముప్పావు గంట అలా ఊరితే చాలు. మూత లోపలి వైపు చేరిన ఆవిరి బొట్లుబొట్లుగా మళ్లీ గిన్నెలోకే పడుతుంది. వేడి చేసిన పని కన్నా ఈ నానబెట్టే సమయం చేసే పనే ఎక్కువ.

మసాలా దినుసులు ఎప్పుడూ పూర్తిగానే వెయ్యాలి, పొడి చెయ్యకూడదు. పొడి వేస్తే సారం క్షణాల్లో దిగుతుందన్నది నిజమే, కానీ దాన్ని మళ్లీ బయటికి తియ్యలేం. దాల్చినచెక్క పొడిలో నీటిలో ఉబ్బి జిగురుగా మారే పదార్థం ఉంది. అది కప్పు అడుగున బురదలా పేరుకుంటుంది. లవంగం విషయంలో మరీ జాగ్రత్త కావాలి. లవంగ నూనెలో అధికభాగం యూజినాలే. అది నాలుకను మొద్దుబార్చే గుణమున్న పదార్థం, పంటినొప్పికి లవంగం పెట్టుకునేది అందుకే. సీసా వైన్‌కి మూడు నాలుగు లవంగాలు సరిపోతాయి. పది వేస్తే తక్కిన మసాలాలు వేసినా వెయ్యనట్టే.

దాల్చినచెక్క అన్న పేరుతో మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికేది కాసియా జాతి బెరడు. మందంగా, గట్టిగా, ఒకే పొరగా చుట్టుకుని ఉంటుంది. శ్రీలంక దాల్చినచెక్క పల్చటి పొరలు చుట్టచుట్టుకుని, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. కాసియాలో కుమారిన్ అనే పదార్థం గణనీయంగా ఉంటుంది, శ్రీలంక రకంలో లేశమాత్రం. మోతాదు మించితే కొందరిలో కాలేయానికి హాని చేస్తుంది కాబట్టి రోజుకు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని యూరప్‌లో హద్దు పెట్టారు. 2006లో జర్మనీలో క్రిస్మస్ బిస్కెట్లలోని కుమారిన్ మీద పెద్ద చర్చే జరిగింది. ఎప్పుడో ఒకసారి కప్పు గ్లూవైన్ తాగేవాళ్లు భయపడాల్సిందేమీ లేదు. రుచిలో మాత్రం తేడా ఉంది. కాసియాది ఘాటు, శ్రీలంక చెక్కది సౌమ్యమైన తీపి వాసన. ఎర్ర వైన్‌కి మొదటిది, తెల్ల వైన్‌కి రెండోది నప్పుతాయని నా అభిప్రాయం.

నారింజ దగ్గర చాలామంది గ్లూవైన్ పాడైపోతుంది. పండును చక్రాల్లా కోసి, తెల్ల పొరతో, గింజలతో సహా గిన్నెలో పడేసి గంటలు గంటలు వదిలేస్తారు. తొక్క పైన పసుపు పొరలో సన్నటి నూనె తిత్తులుంటాయి. మనకు కావలసింది అదొక్కటే. కింది తెల్ల పొరలోనూ గింజల్లోనూ ఒక పదార్థం ఉంటుంది, దానికి సహజంగా చేదు లేదు. కణాలు చితికి, పుల్లటి ద్రవం తగిలితే అది నెమ్మదిగా లిమొనిన్‌గా మారుతుంది. లిమొనిన్ చేదు తీవ్రంగా ఉంటుంది, కాస్త ఉన్నా నాలుకకు తెలిసిపోతుంది. తాజాగా పిండిన నారింజరసం గంట తర్వాత చేదెక్కడానికి కారణం కూడా ఇదే. వైన్ ఎటూ పుల్లటిదే, పైగా వేడి. కాబట్టి తొక్కను పైపైన పల్చగా చెక్కి వెయ్యడం, రసం పిండి వడగట్టి చివర్లో కలపడం మంచిది. చక్రాలు వేస్తేనే చూడ్డానికి బాగుంటుందనిపిస్తే ఒకటి రెండు వేసి, గింజలు తీసి, పావుగంటకే పైకి తియ్యండి. తొక్క వాడుతున్నాం కాబట్టి మైనం పూత, మందులు లేని పండు దొరికితే మేలు.

వైన్ ఎంపికకు పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఓక్ పీపాల్లో ఏళ్లతరబడి మగ్గిన ఖరీదైన వైన్ ఇందుకు పనికిరాదు. పీపా ఇచ్చిన టానిన్లు వేడికి మరింత వగరుగా తోస్తాయి. లేత వయసులో పండ్ల వాసనతో ఉండే వైన్ కావాలి. జర్మన్లు డోర్న్‌ఫెల్డర్ వాడతారు, 1955లో వైన్స్‌బర్గ్‌లో ఆగస్ట్ హెరాల్డ్ సంకరపరచిన ద్రాక్ష అది. వ్యుర్టెంబెర్గ్ వైపు ట్రోలింగర్ వాడతారు. ఫ్రాంకోనియాలో తెల్ల జిల్వానర్‌తోనూ చేస్తారు. చవకైనదైనా ఫర్వాలేదు, కానీ చల్లగా తాగినప్పుడు నచ్చని వైన్ వేడిచేస్తే నచ్చదు. వేడి దోషాల్ని మరింత ఎత్తి చూపిస్తుంది.

గిన్నె స్టీలుది కావాలి, లేదా పింగాణీ పూత ఉన్నది. వైన్ ఆమ్లత్వం పీహెచ్ 3 నుంచి 3.7 దాకా ఉంటుంది. అల్యూమినియం, పూతలేని రాగి, ఇత్తడి ఆ పులుపులో కరుగుతాయి. ఇనుము టానిన్లతో కలిసి నల్లబారుతుంది.

ఇక చెయ్యడం. సీసా వైన్‌ని గిన్నెలో పోసి 50 నుంచి 60 గ్రాముల చక్కెర, రెండు దాల్చినచెక్కలు, నాలుగు లవంగాలు, చితక్కొట్టిన రెండు యాలకులు, ఇష్టమైతే ఒక అనాసపువ్వు, ఒక పండు నారింజ తొక్క వెయ్యండి. మంట సన్నగా పెట్టి పక్కనే నిలబడండి. మొదట గిన్నె గోడలకు సన్నటి బుడగలు అంటుకుంటాయి. అవి వైన్‌లో కరిగి ఉన్న గాలి తాలూకువి, మరుగు కాదు. తర్వాత ఉపరితలం మీద ఆవిరి దారాల్లా లేచి తిరుగుతుంది, మసాలాల చుట్టూ లేత గులాబిరంగు నురగ అంచు కడుతుంది. గిన్నెలోంచి సన్నగా సుయ్ మని శబ్దం మొదలైతే అడుగున బుడగలు పుట్టి పైకి రాకముందే చితికిపోతున్నాయని అర్థం. అప్పటికే ఆలస్యం అయింది. ఆ శబ్దానికి ముందే, ఆవిరి దట్టమవుతుండగానే మంట ఆర్పెయ్యాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే ఈ ఊహాగానమేదీ అక్కర్లేదు, 75 దగ్గర ఆపితే సరి. మూతపెట్టి అరగంట వదిలి, జల్లెడలో వడగట్టి, తాగేముందు మళ్లీ వేడిచెయ్యండి.

చక్కెర ఆఖరి మోతాదు నిర్ణయించాల్సింది ఇప్పుడు, మొదట్లో కాదు. తీపిని పసిగట్టే కణాలు చల్లటి ద్రవానికన్నా వెచ్చటిదానికి బలంగా స్పందిస్తాయి. చల్లగా రుచిచూసి వేసిన చక్కెర వేడయ్యాక మొహం మొత్తుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పుల్లటి ద్రవంలో చక్కెరను ఎక్కువసేపు కాచితే హైడ్రాక్సీమిథైల్‌ఫర్‌ఫ్యూరాల్ అనే పదార్థం పుడుతుంది, పాకం మాడిన వాసన తోడవుతుంది. జర్మనీ ఆహార పరీక్షాశాలలు సంతల్లోని గ్లూవైన్‌లో దీన్ని కొలుస్తాయి. అది ఎక్కువుంటే దుకాణదారు పొద్దున్నుంచి రాత్రిదాకా పెద్ద మంట మీద వైన్‌ని ఉంచాడని తేలిపోతుంది.

కప్పులో పోసేటప్పుడు వేడి 60 డిగ్రీల దగ్గర ఉంటే సరిపోతుంది. 65 డిగ్రీలు దాటిన పానీయాలు తాగడం అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. ఆల్కహాల్ అయితే ఆ సంస్థ జాబితాలో రుజువైన క్యాన్సర్ కారకాల్లోనే ఉంది. అందుకే ఇది పండగ పూట ఒక కప్పుతో ఆపాల్సిన పానీయం.

ఆ మొదటి గుటక గొంతు దిగుతుండగానే ఒళ్లంతా వెచ్చబడ్డట్టు ఎందుకు అనిపిస్తుంది? 1997లో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయ కారాన్ని గుర్తించే ప్రొటీన్‌ను కనిపెట్టింది. టీఆర్‌పీవీ1 అని దాని పేరు. 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా అదే స్పందిస్తుంది. అంటే కారమూ కాలడమూ నరానికి ఒకే తలుపు గుండా చేరుతున్నాయి. ఈ పరిశోధన పరంపరకే జూలియస్‌కి, ఆర్డెమ్ పటపూటియన్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. 2002లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం ఆల్కహాల్ సమక్షంలో ఆ ప్రొటీన్ మేల్కొనే హద్దు 34 డిగ్రీల దాకా దిగుతుంది. మన ఒంటి వేడి అంతకన్నా ఎక్కువే కాబట్టి చల్లటి మద్యం కూడా గొంతులో మండుతుంది. గ్లూవైన్‌లో నిజమైన వేడి ఉంది, ఆల్కహాల్ ఉంది, అల్లం వేస్తే దాని జింజెరాల్ కూడా అదే ప్రొటీన్‌ని తడుతుంది. దాల్చినచెక్క దాని పొరుగు ప్రొటీన్‌ని రేపుతుంది. ఇన్ని దిక్కుల నుంచి వచ్చిన సంకేతాల్ని మెదడు ఒక్కటిగా చదువుకుని వెచ్చదనం అంటుంది.

చర్మం కూడా అదే మాట చెబుతుంది, కానీ నిజం వేరు. ఆల్కహాల్ చర్మం కింది రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. ఒంటి లోపలి వెచ్చటి రక్తం పైకి వచ్చి చెంపలు ఎర్రబడతాయి. ఆ వేడి బయటి చలిలోకి పోతుంది, లోపలి ఉష్ణోగ్రత తగ్గుతుంది. వణుకు పుట్టించి వేడి తయారుచేసుకునే శక్తి కూడా మందగిస్తుంది. మంచులో చాలాసేపు నిలబడబోయేవాళ్లకు గ్లూవైన్ కోటుకు బదులు కాదు. 10 శాతం బలమున్న 200 మిల్లీలీటర్ల కప్పులో 16 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, తీపి దాన్ని నాలుకకు తెలియనివ్వదు. జర్మనీలో 21 ఏళ్ల లోపువాళ్లు, లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండనివాళ్లు ఒక్క చుక్క తాగి కూడా బండి నడపకూడదు. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన మనవాళ్లు ఇది మరిచిపోకూడదు.

అదే సంతల్లో పిల్లలకోసం ఆల్కహాల్ లేనిది కూడా అమ్ముతారు. ఎర్ర ద్రాక్షరసం, ఆపిల్ రసం కలిపి అవే మసాలాలతో వెచ్చచేస్తారు. ఇంట్లో చేసేటప్పుడు రెండు మార్పులు గమనించాలి. ఆల్కహాల్ లేదు కాబట్టి మసాలా నూనెలు తక్కువగా కరుగుతాయి, నానబెట్టే సమయం గంట దాకా పెంచాలి. రసంలో తీపి ఎక్కువ, వైన్‌లోని పులుపు, వగరు ఉండవు. చక్కెర వెయ్యకుండా ఒక నిమ్మకాయ పిండి, నానేటప్పుడు చెంచాడు టీ ఆకు మూటగట్టి నాలుగు నిమిషాలు ఉంచి తీస్తే ఆ లోటు తీరుతుంది. టీ ఆకులోనూ టానిన్లున్నాయి. మరగకూడదన్న కట్టడి దీనికీ వర్తిస్తుంది. పోయేందుకు ఆల్కహాల్ లేకపోయినా పరిమళం ఉంది కదా.

పైన రమ్ము కలుపుకునే అలవాటున్నవాళ్లకు ఒక హెచ్చరిక. 10 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవం సుమారు 50 డిగ్రీలు చేరేసరికే దాని ఆవిరి నిప్పు తగిలితే భగ్గుమనగలదు. 40 శాతం రమ్ముకు 26 డిగ్రీలే చాలు. గిన్నె పొయ్యి మీద ఉండగా అందులో రమ్ము ఒంపకూడదు. మంట ఆర్పి, గిన్నె దించి, కప్పుల్లో పోశాక కలుపుకోవాలి. జర్మన్లు కావాలనే నిప్పు పెట్టే పద్ధతి కూడా ఒకటుంది, ఫోయర్‌త్సాంగెన్‌బోలె అంటారు. వేడి వైన్ గిన్నె మీద లోహపు పట్టీ ఉంచి, దానిమీద శంఖాకారపు చక్కెర గడ్డను నిలబెట్టి, 54 శాతం రమ్ముతో తడిపి అంటిస్తారు. నీలిమంటలో చక్కెర కరిగి పాకమై బొట్లుబొట్లుగా వైన్‌లోకి జారుతుంది. 1944లో హైన్స్ ర్యూమన్ నటించిన ఇదే పేరుగల సినిమా వచ్చాక ఇది ప్రతి శీతకాలం విశ్వవిద్యాలయాల్లో వేడుకైపోయింది. మంట ఎంత ఆర్భాటంగా లేచినా అందులో కాలేది కొద్ది భాగమే. వ్యవసాయ శాఖ పట్టికలో మంటపెట్టి వడ్డించే వంటకాల్లో ఆల్కహాల్ నూటికి 75 వంతులు మిగులుతుందని ఉంది. ద్రవంలో ఆల్కహాల్ పలచబడి, ఆవిరి తగినంత పుట్టకపోతే మంట తనంతట తాను ఆరిపోతుంది.

మిగిలిన గ్లూవైన్‌ని మసాలాలన్నీ తీసేసి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. మళ్లీ వేడిచేసేటప్పుడు తాగబోయేంత మాత్రమే వేడిచెయ్యాలి. మైక్రోవేవ్ వాడితే అరనిమిషానికోసారి తీసి కలపండి. అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడిచేస్తుంది కాబట్టి, కప్పు గోరువెచ్చగా తోచినా మధ్యలో ఎక్కడో మరిగిపోయి ఉండవచ్చు.